కొక్కెం పక్కన పెట్టి, సూది చేతపట్టి – మూడో పాఠం: వెళ్ళిన దారినే తిరిగి రావడం

లేసు అల్లే కొక్కెం కొన్నాళ్ళు పక్కన పెట్టి, ఉత్తర కర్ణాటక సూదిపని కసూతి నేర్చుకునేవారి కోసం ఈ పాఠాలు. కిందటి పాఠంలో ఇచ్చిన ఇంటిపని ఒక్కటే. గళ్ళు గళ్ళుగా నేసిన మ్యాటీ గుడ్డ మీద ఇరవై గళ్ళ పొడవున ఒక గీత, గడి కుట్టి గడి వదిలి కుట్టాలి. కుట్టినవారికి దాన్ని చూడగానే చిరాకు పుట్టి ఉంటుంది. అది గీతలా ఉండదు, పళ్ళూడిన దువ్వెనలా ఉంటుంది. నేను నేర్చుకున్న మొదటి రోజు ఆ ఖాళీలు చూసి నా చేయి ఆగలేదు. నాలుగు కుట్లు వేయగానే వెనక్కి వచ్చి అన్నీ పూడ్చేశాను. పైనుంచి చూస్తే గీత చక్కగానే ఉంది. నేర్పుతున్నావిడ గుడ్డ తిప్పి చూసి పకపకా నవ్వారు. కసూతిలో మొదటి కుట్టైన గవంతి కుట్టమంటే, వెనక వైపు దారాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన మామూలు వెనక కుట్టు కుట్టి పెట్టాను.

లేసు అల్లిన చేతులు చేసే తప్పు ఇది. క్రోషేలో ఖాళీ అంటే అది డిజైనులో భాగం. దాన్ని అలాగే ఉంచుతాం. తర్వాత వచ్చి పూడ్చడం అనేది ఉండదు. గవంతిలో ఖాళీ అంటే బాకీ. ఇప్పుడు వదిలి, తిరుగు ప్రయాణంలో తీర్చాలి. ఇరవై ఏళ్ళు ఒకే పని చేసిన చేతికి ఈ తేడా మాటల్లో చెబితే ఎక్కదు, కుడితేనే ఎక్కుతుంది.

ఈ పాఠంతోనే మొదలుపెడుతున్నవారి కోసం రెండు మాటలు. మాది నరసాపురం దగ్గర పల్లె. లేసు అల్లడం అక్కడ వీధి అరుగుల మీద వందేళ్ళకు పైగా సాగుతున్న పని. మా అమ్మమ్మ చేతి పని చేసేది, పక్కింటావిడ ఆ ముక్కలను కలిపే అతుకు పని చేసేది. పెళ్ళై బెంగళూరు వచ్చాక కూడా నా సంచిలో దారపుండ, కొక్కెం ఉండవలసిందే. ఆ మధ్య ఎవరో అడిగారని నలభై టేబులు గుడ్డలు ఒకే డిజైనులో అల్లాను. ముప్పై దాటేసరికి బొటనవేలి మొదట్లో సలుపు, దానికి తోడు విసుగు. సలుపు కంటే విసుగే ఎక్కువ బాధపెట్టింది. మాపటికి దారం చూస్తే మొహం తిప్పుకునే స్థితి వచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని మా పిన్ని సంబరంగా ఫోను చేసేనాటికి నేను కొక్కెం ముట్టుకుని రెండు నెలలైంది. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. పుట్టింటికి ద్రోహం చేసినట్టు అనిపించింది.

చేతులు ఊరికే ఉండలేవు కదా. మా పై అంతస్తులో ధార్వాడ నుంచి వచ్చిన పెద్దావిడ ఉంటారు. ఆవిడ ఒళ్ళో చూసిన నల్ల గుడ్డే నన్ను కసూతి వైపు లాగింది. ఉత్తర కర్ణాటకలో, ముఖ్యంగా ధార్వాడ ప్రాంతంలో, ఇలకల్ చీరల కొంగుల మీద గోపురాలు, రథాలు, ఏనుగులు, తులసి కోటలు కుట్టే పని ఇది. గుడ్డ మీద బొమ్మ గీయరు, అచ్చు వేయరు. నేతలోని పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. ఇందులో నాలుగు కుట్లు ఉన్నాయి: గవంతి, ముర్గి, నేయ్గె, మెంతె. నేయ్గె అంటే నేత. మెంతె అంటే మన మెంతులే. ఈ నాలుగింటిలో మొదట పట్టుబడవలసింది గవంతి.

అల్లిక ఆపేటప్పుడు చేయవలసిన పని మొదటి పాఠంలో చెప్పాను, కానీ చాలామంది వదిలేసి ఉంటారని అనుమానం. సగంలో ఉన్న పనికి కొక్కెం అలాగే గుచ్చి డబ్బాలో పడేయకండి. చివరి ముడి వీడకుండా దానికి పిన్నీసు పెట్టండి. ఎన్నో వరసలో ఆపారో, కొక్కెం సైజు ఎంతో, దారం నంబరు ఎంతో ఒక చీటీ మీద రాసి ఆ పిన్నీసుకే తగిలించండి. ఆరు నెలల తర్వాత తెరిచినప్పుడు ఆ చీటీ లేకపోతే మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తుంది. అలా విప్పవలసి వచ్చినవారు చాలాసార్లు మళ్ళీ మొదలుపెట్టరు.

సామాను విషయం త్వరగా ముగిస్తాను. అంగుళానికి 14 గళ్ళు ఉండే తెల్ల మ్యాటీ గుడ్డ, మొన మొద్దుగా ఉండే 24వ నంబరు సూది, ముదురు రంగు ఎంబ్రాయిడరీ దారం. దారంలో ఆరు పోగులు ఉంటాయి, మనకు రెండు చాలు. పొడవు మూరెడు. అంతకంటే పొడవైతే మెలికలు పడుతుంది, గుడ్డలోంచి లాగి లాగి నూగు లేస్తుంది. సంప్రదాయంగా కుట్టే నల్లని చంద్రకళి చీర మీద ఆశ ఉంటే ఏడాది ఆగండి. రాత్రి దీపం వెలుగులో నల్ల గుడ్డ మీద పోగులు లెక్కపెట్టడం తగని పని. వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవారు ఊదా రంగు మెట్రోలో మెజెస్టిక్ దాకా వచ్చి ఆకుపచ్చ మార్గంలోకి మారితే తర్వాతి స్టేషనే చిక్‌పేట. అక్కడి సందుల్లో ఇవన్నీ దొరుకుతాయి. చీరల దుకాణాల వైపు తల తిప్పకుండా రాగలిగితే ఖర్చు కూడా తక్కువే.

ఇక తిరుగు ప్రయాణం.

మీ పళ్ళూడిన దువ్వెన చివరకు వచ్చారు. ఇప్పుడు గుడ్డను తలకిందులు చేయనక్కరలేదు, సూది దిశ మార్చుకుంటే చాలు. వెళ్ళేటప్పుడు పైన ఖాళీగా ఉన్న గడి మీద ఈసారి దారం పైకి వస్తుంది, పైన కుట్టు ఉన్న గడి కింద దారం వెనక నుంచి పోతుంది. గీత మొదటికి చేరేసరికి రెండు వైపులా ఖాళీ లేని గీత ఉంటుంది. ఇదే కుట్టును ఐరోపాలో హోల్‌బైన్ కుట్టు అంటారు. 16వ శతాబ్దపు చిత్రకారుడు హాన్స్ హోల్‌బైన్ గీసిన చిత్రాల్లో దొరలు, దొరసానుల ముంజేతి అంచుల మీద ఈ పనితనం కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. ధార్వాడ ఆవిడకు ఈ సంగతి చెబితే, "వాళ్ళకూ తెలుసా?" అని మాత్రం అన్నారు.

మొదటిసారి తిరిగి వచ్చినప్పుడు గీత సన్నగా వంకర పోతుంది, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. కారణం చిన్నది. ఒకే రంధ్రంలోంచి రెండు దారాలు పోతున్నాయి. రెండోది ఒకసారి మొదటిదానికి పైనా, ఒకసారి కిందా దూరితే గీత ఊగుతుంది. ఒక పద్ధతి పెట్టుకోండి: సూది పైకి వచ్చేటప్పుడు పాత దారానికి ఎగువ నుంచి రావాలి, కిందికి దిగేటప్పుడు దిగువ నుంచి దిగాలి. ప్రతి రంధ్రంలో అంతే. మొద్దు సూది ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది. మొన వాడిగా ఉంటే పాత దారాన్ని చీల్చుకుని పోతుంది. గుడ్డను రింగులో బిగించి, ఒకసారి పైనుంచి దించి, ఒకసారి కిందినుంచి ఎత్తి కుట్టండి. రెండు మూడు కుట్లు ఒకేసారి సూదికి ఎక్కించి లాగే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ముడి వేయకూడదు. గవంతి అనే పేరు కన్నడంలో ముడి అనే అర్థం ఉన్న "గంటు" నుంచి వచ్చిందని అంటారు. పేరులో ముడి ఉంది, పనిలో ముడి నిషేధం! నేను దారం చివర ముడి వేయబోతే ఆవిడ నా చేయి పట్టుకుని, "గంటు హాకబ్యాడ తంగీ" అన్నారు. ముడి వేయకు చెల్లీ అని. రెండు వైపులా కనిపించే పనిలో ముడికి దాక్కునే చోటు ఉండదు. మొదట్లో నాలుగు వేళ్ళంత దారం వదిలి, వెనక వైపు వేలితో నొక్కి పట్టుకోండి. తిరిగి వచ్చాక ఆ తోకను సూదికి ఎక్కించి, నాలుగైదు కుట్ల కిందినుంచి పోనిచ్చి కత్తిరించండి.

సరళ రేఖ వచ్చింది కదా, కొమ్మ వేద్దాం. గోపురం శిఖరమైనా, తులసి కోట మీది మొక్కైనా, ప్రధాన గీత నుంచి పక్కకు చీలే చిన్న గీతలే. వెళ్ళే దారిలో కొమ్మ దగ్గరికి రాగానే అటు తిరగండి, కొన దాకా వెళ్ళండి, అక్కడినుంచి ఖాళీలు పూడ్చుకుంటూ మొదటికి రండి. కొమ్మ పూర్తయింది. తర్వాత ఏమీ జరగనట్టు ప్రధాన గీత మీద ముందుకు సాగండి. ఎన్ని గళ్ళ కొమ్మ అయినా లెక్క తప్పదు. మూడు గళ్ళ కొమ్మకు వెళ్ళడం మూడు కుట్లు, రావడం మూడు, మొత్తం ఆరు. అయిదైతే పది. ఎప్పుడూ సరి సంఖ్యే కాబట్టి, కొమ్మలోకి వెళ్ళేముందు దారం గుడ్డకు ఏ వైపు ఉందో, తిరిగి వచ్చాక కూడా అదే వైపు ఉంటుంది. ప్రధాన గీత క్రమం చెదరదు.

అసలు గోతిలో పడేది చతురస్రం దగ్గర. నేను మూడు సాయంత్రాలు పడ్డాను.

ఒక గడి చుట్టూ నాలుగు కుట్లు అనుకోండి. అడుగు పైన కుట్టాను, కుడి పక్క వెనక పోయింది, తల పైన, ఎడమ పక్క వెనక. బయలుదేరిన మూలకే వచ్చాను. లేసులో గుండ్రంగా అల్లేటప్పుడు ఒక చుట్టు పూర్తికాగానే అదే దిశలో రెండో చుట్టు మొదలవుతుంది కదా, నా చేయి అలాగే ముందుకు పోయింది. అడుగు మళ్ళీ పైనే పడింది, కుడి పక్క మళ్ళీ వెనకే పోయింది. రెండు చుట్లు తిరిగినా పైన రెండు అడ్డ గీతలే, రెట్టింపు మందంతో. నిలువు గీతలు రెండూ గుడ్డ వెనక కూర్చున్నాయి. గుడ్డలో ఏదో తేడా ఉందనుకుని ఇంకో చోట మొదలుపెట్టాను. అక్కడా అదే.

కుట్ల సంఖ్య సరి అయితే అదే దిశలో రెండో చుట్టు తిరగడం వల్ల ఖాళీలు ఎప్పటికీ నిండవు. బేసి అయితే నిండుతాయి. రెండు గడి అంచులు, ఒక మూల గీత కలిసిన త్రిభుజం మూడు కుట్లు, దాన్ని అదే దిశలో రెండుసార్లు చుట్టవచ్చు. నిలువు, అడ్డ గీతలతో మూసుకునే ఏ ఆకారం చుట్టూ లెక్కపెట్టినా సరి సంఖ్యే వస్తుంది. కాబట్టి చతురస్రంలో మొదటి మూలకు చేరగానే ఆగి వెనక్కి తిరగాలి. ఇప్పుడే వెనక పోయిన ఎడమ పక్క ఈసారి పైకి వస్తుంది, తల వెనక, కుడి పైన, అడుగు వెనక. నిండిపోయింది. లెక్క పెట్టుకునే ఓపిక లేకపోతే, ఏ ఆకారమైనా సరే వచ్చిన దారినే తిరిగి వెళ్ళండి, ఎప్పుడూ తప్పదు.

ఇది కాగితం మీద అర్థం కావడం కష్టం. గళ్ళ పుస్తకం మీద పెన్సిలుతో వెళ్ళే కుట్లు, ఎర్ర పెన్నుతో తిరుగు కుట్లు గీసి చూడండి. ఒక్క గీత మీద రెండు రంగులూ పడాలి.

మహాత్మాగాంధీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు కలిసే చోట ఉన్న కావేరి ఎంపోరియంలో కసూతి చీరలు దొరికితే కొంగు వెనక వైపు చూడండి. గవంతి, ముర్గి ఉన్న చోట ముందూ వెనకా ఒకేలా ఉంటాయి. నేను అరగంట వెనక వైపులే చూశాను, చీర కొనలేదు.

మళ్ళీ కొక్కెం ఎప్పుడు పట్టాలి అనే సందేహం మీకూ వస్తుంది. నేను తేదీ పెట్టుకోలేదు. మూడో నెలలో ఒక రోజు పాత డబ్బా తెరిచి, చీటీ చదివి, రెండు వరసలు అల్లాను. చేయి మునుపటి కంటే వదులుగా ఉంది, దారాన్ని అంతగా బిగించడం లేదు. సలుపు మాత్రం నాలుగో వరసకు మళ్ళీ తెలిసింది, అక్కడే ఆపి పిన్నీసు పెట్టేశాను. ఆ తర్వాత వైద్యుణ్ణి చూశాను. మీకూ ఇలాంటి నొప్పి ఉంటే నాలాగా ఆలస్యం చేయకండి.

ఈ వారం ఇంటిపని: పది గళ్ళ ప్రధాన గీత. దాని మీద మూడో గడి దగ్గర రెండు గళ్ళ కొమ్మ, ఏడో గడి దగ్గర మూడు గళ్ళ కొమ్మ, గీత చివర ఒక గడి చతురస్రం. అన్నీ ఒకే దారంతో, ముడి లేకుండా. చతురస్రం పూర్తయ్యాకే ప్రధాన గీత తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. తప్పు వస్తే కత్తెర తీయకండి, సూదిని కన్ను ఉన్న వైపు నుంచి పోనిచ్చి ఒక్కొక్క కుట్టూ విప్పండి. వచ్చే పాఠంలో ముర్గి, అంటే ఇదే నడకను మెట్లెక్కించడం. దానికి కొత్త గుడ్డ కొననక్కరలేదు, దీని మిగిలిన సగం దాచి ఉంచండి.