కొత్త బ్లాగుకు చోటు ఎంచుకునేటప్పుడు

కొత్తగా బ్లాగు మొదలుపెట్టేవారు ముందు హంగులు చూస్తారు. రాసినదంతా బయటికి తెచ్చుకునే దారి ఉందా అన్నది అంతకన్నా ముఖ్యం. యాహూ 360 అనే బ్లాగు సేవ 2009లో మూతపడింది, గుర్తుందా? బ్లాగులు రాసుకునే సేవలైన బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ టపాలన్నీ (పోస్టులన్నీ) ఒకే ఫైలుగా దించుకోవచ్చు. బొమ్మలు మాత్రం విడిగా దాచుకోండి.

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే నా ఓటు బ్లాగర్‌కే. సొంత డొమైన్ (మీకంటూ ఒక వెబ్ చిరునామా) కొనుక్కుంటే దాన్ని తగిలించడానికి అదనపు రుసుము ఉండదు. వర్డ్‌ప్రెస్.కామ్‌లో అందుకు చెల్లింపు పథకం తీసుకోవాలి.

బ్లాగర్‌లో ఒక్క జాగ్రత్త: శీర్షిక తెలుగులో పెడితే టపా చిరునామా ఉత్త ‘బ్లాగ్-పోస్ట్’ అని తయారవుతుంది. ప్రచురించే ముందే పర్మాలింక్ (టపా చిరునామా) దగ్గర ‘గోంగూర-పచ్చడి’ లాంటి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మీరే ఇవ్వండి. తరువాత మార్చాలంటే టపాను మళ్లీ డ్రాఫ్టుగా వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.