మక్క చేనును అడవిపందుల నుంచి కాపాడుకునే పద్ధతులు, తుపాకీ గురించి తెలుసుకోవలసినవి

పాకాల అడవికి ఆనుకున్న ఖానాపురం, నర్సంపేట వైపు ఊళ్ళలోనూ, ఏటూరునాగారం అభయారణ్యం చుట్టూ ఉన్న ములుగు, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లోనూ మక్క వేసిన రైతుకు పురుగు కంటే, తెగులు కంటే అడవిపంది భయమే ఎక్కువ. కంకి పాలు పోసుకునే దశలో ఒక మంద రాత్రిపూట చేనులో దిగితే తినేది కొంత, విరిచి తొక్కి పాడుచేసేది అంతకు ఎక్కువ. ఆ కడుపుమంటలో కరెంటు తీగ పెట్టేవారు ఉన్నారు, విదేశీ వీడియోలు చూసి రైఫిల్‌కు సైలెన్సర్ బిగించి చప్పుడు లేకుండా కాల్చవచ్చు కదా అని అడిగేవారూ ఉన్నారు. చేయదగిన పని ఏది, చేయకూడనిది ఏది అన్నది ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పనిలో ముప్పాతిక భాగం కంకి పడకముందే పూర్తి కావాలి. పంది ఒకసారి రుచి మరిగిన తరువాత దాన్ని మళ్ళించడం చాలా కష్టం.

ముందుగా, చేనును పాడుచేసింది పందేనా అన్నది తేల్చుకోవాలి. పంది అడుగు మెత్తటి నేలలో రెండు గిట్టల గుర్తుగా పడి, దాని వెనుక పక్కలకు జరిగి రెండు చిన్న గిట్టల చుక్కలు కనిపిస్తాయి; మేక అడుగులో ఆ చుక్కలు మామూలుగా పడవు. పంది మక్క కర్రను, అంటే కాండాన్ని, ఒరిపించి, విరిచి, కంకిని పొట్టుతో సహా నమిలి పిప్పిని అక్కడే ఉమ్మివేస్తుంది, గట్టు పొడవునా మూతితో మట్టిని పెళ్ళగిస్తుంది. ఏదుపంది అయితే కర్రను మొదట్లో పళ్ళతో శుభ్రంగా కొరుకుతుంది, ఒకటో రెండో ముళ్ళు రాల్చి పోతుంది. కోతులు పగటిపూట వచ్చి పొట్టును చీల్చి సగం తిన్న కంకులను పారవేస్తాయి. ఒక్కొక్కదానికి విరుగుడు వేరు కనుక ఈ పరిశీలనకు ఒక ఉదయం కేటాయించడం దండగ కాదు. పందులు ఏ మూల నుంచి లోపలికి వస్తున్నాయో, ఏ వాగు దారిన తిరిగి పోతున్నాయో కూడా అదే సమయంలో గుర్తించి పెట్టుకోవాలి.

అడవిపందికి చూపు తక్కువ, వాసన పసిగట్టే శక్తి మాత్రం చాలా ఎక్కువ. అందుకే కళ్ళకు కనిపించే దిష్టిబొమ్మ కంటే ముక్కుకు తగిలే అడ్డంకి బాగా పనిచేస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు హాని చేసే జంతువులు, పక్షుల మీద పరిశోధన విభాగం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతుల్లో మన రైతుకు అందుబాటులో ఉన్నది మక్క చుట్టూ ఆముదం వేయడం. చేను అంచున నాలుగు వరుసలు ఒత్తుగా వేస్తే ఆముదం వాసన మక్క వాసనను కప్పివేస్తుంది, ఆ ఆకును పంది ముట్టదు. ఆముదం మెల్లగా ఎదుగుతుంది కనుక మక్క కంటే ముందే విత్తితే మేలు. పల్లి చేనుకు మాత్రం ముళ్ళు ఉండే కుసుమ మంచి కంచె, పైగా దాని గింజకు వేరే ఆదాయం ఉంటుంది.

అంచు పంటకు సమయం దాటిపోయిన రైతు తాడు పద్ధతిని ఎంచుకోవచ్చు. కొబ్బరి తాడును గంధకం పొడి, ఊరపంది కొవ్వు కలిపిన మిశ్రమంలో బాగా నానబెట్టి, చేను చుట్టూ కర్రలు పాతి, నేల నుంచి ఒక అడుగు ఎత్తులో మొదటి వరుస, దానిపైన అడుగు ఎడంతో మరి రెండు వరుసలు కట్టాలి. కొవ్వును సన్నని సెగ మీద కరిగించి, పొయ్యి మీద నుంచి దించిన తరువాతే గంధకం కలపాలి. గంధకం సులభంగా అంటుకుంటుంది, దాని పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పెద్ద వాన పడితే వాసన కడుక్కుపోతుంది కాబట్టి వానాకాలం మక్కలో మళ్ళీ మళ్ళీ పూయక తప్పదు, యాసంగిలో ఆ శ్రమ తక్కువ. మంగలి షాపులో దొరికే వెంట్రుకలను చేను చుట్టూ అడుగు వెడల్పున చల్లడం కూడా కొంతవరకు పనిచేస్తుంది, ఎందుకంటే పంది వాసన చూస్తూ నడిచేటప్పుడు అవి దాని ముక్కులోకి పోయి ఇబ్బంది పెడతాయి. ఒకప్పుడు ఘాటైన వాసన ఉండే ఫోరేట్ అనే పురుగుమందు గుళికలను చిన్న సంచుల్లో కట్టి వేలాడదీసేవారు. ఆ మందు 2020 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధంలో ఉంది. ఎవరి ఇంట్లోనైనా పాత నిల్వ మిగిలి ఉంటే దాన్ని పొలంలోకి తీసుకుపోవద్దు.

కందకం తవ్వేవారు చేను అంచుకు అడుగు దూరంలో, రెండు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉండేలా తవ్వితే అది వాన నీటిని కూడా నిలుపుతుంది. జాలి కంచె అన్నింటికంటే గట్టిది, ఖర్చు కూడా అన్నింటికంటే ఎక్కువే; దాని అడుగు అంచును నేలలోకి పూడ్చకపోతే పంది మూతితో ఎత్తి దూరుతుంది. ఈ రెండింటి మధ్య చాలామందికి నప్పేది సౌర కంచె. ఇందులో ఎండతో ఛార్జి అయ్యే బ్యాటరీతో నడిచే యంత్రం సుమారు సెకనుకు ఒకసారి, రెప్పపాటు కంటే తక్కువసేపు మాత్రమే విద్యుత్తును తీగలోకి వదులుతుంది. జంతువు అదిరి వెనక్కి పోతుంది కానీ చావదు. అడుగు తీగ నేల నుంచి అడుగు లోపు ఎత్తులో, అంటే పంది మూతి తగిలే చోట ఉండాలి. గడ్డి పెరిగి తీగను తాకితే కరెంటు నేలలోకి జారిపోతుంది కాబట్టి వారం వారం అంచు గడ్డి కోయాలి. ఎర్తింగ్ కడ్డీ పాతిన చోట నేల ఎండిపోయినా దెబ్బ బలహీనమవుతుంది. యాసంగిలో అక్కడ అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. యంత్రాన్ని ప్రమాణాలకు లోబడి తయారుచేసినదే కొనాలి. తెలిసిన మెకానిక్‌తో చవకగా చేయించుకున్న పెట్టెను నమ్మవద్దు.

మోటారు లైను నుంచో స్తంభం నుంచో నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అది పందిని ఎంచుకుని చంపదు. రాత్రి నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతును, మేకల వెంట వచ్చిన పిల్లవాడిని, తీగ పెట్టిన మనిషినే అది చంపుతుంది. పందుల కోసం పెట్టిన ఇలాంటి తీగలకు మంచిర్యాల, ఆసిఫాబాద్ అడవుల్లో పులులు కూడా బలయ్యాయి. మనిషి ప్రాణం పోతే నరహత్య కేసు, జంతువు చస్తే వన్యప్రాణి చట్టం కేసు, రెండూ జరగకపోయినా విద్యుత్ చౌర్యం కేసు తప్పవు.

ఇక తుపాకీ విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తరువాత అడవిపంది ఆ చట్టం రక్షించే జంతువుల జాబితాల్లో రెండవదైన రెండవ షెడ్యూల్‌లో ఉంది. అనుమతి లేకుండా చంపినా, ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిలిచి ఉన్న పంటకు ముప్పు అని తేలితే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా వేటకు అనుమతించవచ్చు. ఆయుధాల చట్టం కింద పంట రక్షణకు గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్స్ ఇచ్చే వీలుంది. అయితే ఆ లైసెన్స్ తుపాకీ ఉంచుకోవడానికే తప్ప పందిని కాల్చడానికి అనుమతి కాదు. ఈ రెండు కాగితాలు ఒకటేననుకుని కేసుల్లో చిక్కుకునేవారు ఉన్నారు కాబట్టి ఈ మాటను నొక్కి చెప్పవలసి వస్తున్నది.

సైలెన్సర్ గురించి అడిగేవారికి నా జవాబు సూటిగా ఉంటుంది. అమెరికాలో 1909లో హైరం పెర్సీ మాక్సిం దీనికి పేటెంట్ పొందారు, అక్కడ చాలా రాష్ట్రాల్లో వేటగాళ్ళు నిబంధనలకు లోబడి దీన్ని వాడుతున్నారు, చెవులు కాపాడుకోవడానికి అది ఉపయోగపడుతుంది కూడా. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కాల్పుల చప్పుడును తగ్గించే పరికరాన్ని కూడా తుపాకీగానే లెక్కిస్తుంది, లైసెన్స్ లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. పైగా సినిమాల్లో చూపినట్టు చప్పుడు పూర్తిగా పోదు. సుమారు 160 డెసిబెళ్ళ రైఫిల్ మోత 20 నుంచి 35 డెసిబెళ్ళు తగ్గుతుంది. సెకనుకు దాదాపు 340 మీటర్ల ధ్వని వేగాన్ని మించిన గుండు గాలిలో చేసే పెళపెళ శబ్దం అలాగే ఉంటుంది. అన్నింటికీ మించి, రైతుకు కావలసింది మంద భయపడి దూరంగా పోవడం కనుక చప్పుడు అతనికి శత్రువు కాదు.

అధికారి అనుమతి ఇచ్చిన పక్షంలో కాల్చవలసింది అటవీశాఖ ఆమోదించిన, లైసెన్స్ ఉన్న షూటరే. అనుమతి పత్రంలో రాసిన ఊరు, తేదీలు దాటకూడదు. ఆ రాత్రి ఊళ్ళో చాటింపు వేయించి, మంచెల మీద పడుకునేవారిని, నీళ్ళ వంతు ఉన్నవారిని పొలాల నుంచి రప్పించాలి, ఎందుకంటే గురి తప్పిన రైఫిల్ గుండు కిలోమీటర్ల దూరం పోగలదు. దెబ్బతిన్న మగపంది కోరలతో ఎదురు తిరుగుతుంది, పిల్లలున్న తల్లి కూడా అంతే. చీకట్లో రక్తపు జాడ పట్టుకుని ఎవరూ వెంబడించకూడదు. చచ్చిన జంతువు సర్కారు సొత్తు. దాన్ని ఏం చేయాలో అధికారి చెప్పినట్టే చేయాలి, మాంసం పంచుకోవడం మళ్ళీ నేరమవుతుంది.

రాత్రి కాపలాకు ఊరంతా వంతులు వేసుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతే. డప్పు, డబ్బా, టపాకాయ, రికార్డు చేసిన పులి గాండ్రింపు ఏదైనా సరే, అదే శబ్దం అదే చోటు నుంచి రోజూ వస్తే పందులు కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి, కాబట్టి శబ్దాన్నీ చోటునూ మార్చుతూ ఉండాలి.

ఇంత చేసినా నష్టం జరిగితే, విరిగిన కర్రలను దున్నకముందే అడుగుల గుర్తులతో సహా ఫోటోలు తీసి, పట్టాదారు పాసుపుస్తకం నకలు జతచేసి, అటవీ రేంజ్ కార్యాలయంలో పరిహారం కోసం ఆలస్యం లేకుండా దరఖాస్తు ఇవ్వాలి. వ్యవసాయ విస్తరణాధికారికి కూడా అదే రోజు తెలియజేసి, వారు వచ్చి చూసేవరకు చేనును అలాగే ఉంచాలి. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకుపోయి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోవాలి.