చీకట్లో సైకిలు తొక్కేవారు ముందుగా బిగించుకోవలసినది వెనుక లైటు

వీధి దీపాల వెలుగులో దారి తమకు కనిపిస్తోంది కాబట్టి వెనుక వచ్చేవారికి తామూ కనిపిస్తున్నామని సైకిలు తొక్కేవారు చాలామంది నమ్ముతారు. ప్రాణం మీదికి తెచ్చేది ఈ నమ్మకమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. డ్రైవరు మనల్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేసేసరికి సుమారు 25 మీటర్లు, ఆ తరువాత పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 20 మీటర్లు గడిచిపోతాయి. కానీ డిమ్ లైట్ల వెలుగులో ముదురు రంగు దుస్తులు వేసుకున్న మనిషి చాలాసార్లు 30 మీటర్ల లోపలికి వస్తే గానీ కనిపించడు. ఎదురుగా ఎవరైనా హైబీమ్ వేసుకుని వస్తే ఆ కాస్త దూరం కూడా తగ్గిపోతుంది.

అందువల్ల రెండు లైట్లూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే ముందుగా ఎర్రటి వెనుక లైటునే కొనండి. దానిని సీటు రాడ్డుకు, నేలకు సమాంతరంగా వెనక్కి చూసేలా బిగించి, క్యారియర్ మీద సంచి, టిఫిన్ క్యారియర్ పెట్టిన తరువాత కూడా అది కనిపిస్తున్నదో లేదో ఇంకొకరిని యాభై అడుగుల వెనుక నిలబెట్టి అడగండి. వెలుగుతూ ఆరుతూ ఉండే లైటు త్వరగా దృష్టికి వస్తుంది గాని, దూరం అంచనా వేయడానికి నిలకడగా వెలిగేదే మేలు. చీకటి రోడ్ల మీద నేను నిలకడగా వెలిగేదే వాడతాను.

ముందు లైటు తెల్లగా ఉండాలి, దాని వెలుగు ఆరేడు మీటర్ల ముందు రోడ్డు మీద పడేలా కిందికి వంచాలి. రంగు వెలిసిన స్పీడ్ బ్రేకరూ, రోడ్డు కంటే లోతుకు దిగిన మ్యాన్‌హోల్ మూతా అప్పుడే కనిపిస్తాయి. టైరుకు రాసుకుని తిరుగుతూ దీపాన్ని వెలిగించే పాత డైనమో ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: సిగ్నల్ దగ్గర సైకిలు ఆగగానే ఆ దీపమూ ఆరిపోతుంది, వానలో టైరు తడిస్తే దాని చక్రం జారుతుంది.

రిఫ్లెక్టర్ ఉంది కదా అని లైటు మానుకోకూడదు. హెడ్‌లైటు నేరుగా దాని మీద పడినప్పుడే అది మెరుస్తుంది. మెట్రో పిల్లర్ల మధ్య నుంచి యూ టర్న్ తీసుకునే బండి వెలుగు మన మీదికి తిరిగేసరికి ఆ బండి మన పక్కనే ఉంటుంది. అయితే లైటుకు తోడుగా రిఫ్లెక్టర్ ఎంతో ఉపయోగం. నంబర్ ప్లేట్లు చేసే దుకాణంలో రేడియం స్టిక్కర్ కత్తిరించి ఇస్తారు; దానిని మడ్‌గార్డుకూ, పెడళ్లకూ అంటించండి. పైకీ కిందికీ కదిలే పెడళ్ల మెరుపును చూస్తే అది సైకిలని డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. రాంగ్ రూట్‌లో వెళ్తే మాత్రం వెనుక పెట్టుకున్నవేవీ ఎదురొచ్చే బండికి కనిపించవు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద కార్ల భయం లేదు. కానీ తెల్లవారకముందే ఇంటి నుంచి అక్కడి దాకా వెళ్లేది మామూలు రోడ్ల మీదే. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం 6.45 దాటాక గానీ కాదు. ఐదున్నరకు బయలుదేరేవారు రాత్రి ప్రయాణానికి చేసుకున్న ఏర్పాట్లన్నీ చేసుకోవాలి. ఛార్జింగ్ లైటు అయితే ముందు రోజు రాత్రి ఫోనుతో పాటే ఛార్జింగ్‌కు పెట్టి, గేటు దాటకముందే వెలిగించండి.