ఫొటో మసక, వీడియోలో చారలు, ఇయర్‌బడ్‌లో ఒక్క చెవే: ఫోన్ మార్చే ముందు ఇవి చూడండి

మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లైనా, గృహప్రవేశమైనా ఫోన్‌తో వీడియో తీసి, అందులోనే ఎడిట్ చేసి గ్రూపులో పెట్టే పని ఎప్పుడో నా నెత్తిన పడింది. దాంతో "ఒరేయ్, నా ఫోన్‌లో ఫొటోలు బాగా రావట్లేదు, మార్చేయమంటావా?" అనే ఫోన్లు కూడా నాకే వస్తాయి. వాటిలో నిజంగా ఫోన్ పాడైనవి చాలా తక్కువ. అందుకే ఎవరేం అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: ఏదైనా ఒక్కటి మార్చి మళ్లీ తీసి చూడండి. నాలుగు సెట్టింగ్‌లు ఒకేసారి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, వచ్చేసారి మళ్లీ మొదటికే.

ఫొటో అంతా పొగ పట్టినట్టు, దీపాల చుట్టూ పొడుగు గీతలు

పదింట ఎనిమిదిసార్లు కారణం వేలి జిడ్డు. ఫోన్ పట్టుకున్నప్పుడు చూపుడువేలు ఎక్కడ ఆనుతుందో చూసుకోండి, సరిగ్గా కెమెరా మీదే. కళ్లజోడు తుడుచుకునే గుడ్డతో లెన్స్ తుడిచి, అదే బల్బుని మళ్లీ తీయండి.

తుడిచినా అలాగే ఉంటే లెన్స్ మీద అంటించిన ప్రొటెక్టర్ గ్లాస్‌ని అనుమానించాలి. కొత్త ఫోన్ కొనగానే షాపులో చేతిలో పెట్టేది అదే. దానికీ లెన్స్‌కీ మధ్య దుమ్ము చేరుతుంది, వెలుతురు ఆ రెండింటి మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. తీసేసి ఒక ఫొటో తీయండి, తేడా అక్కడే తెలుస్తుంది. నేనైతే నా ఫోన్‌కి వేయించను. రాత్రి ఫొటోల్లో దీపానికి ఎదురుగా తేలే చిన్న ఆకుపచ్చ చుక్క మాత్రం లోపం కాదు. అది లెన్సుల లోపలి ప్రతిబింబం. ఫోన్‌ని కొంచెం వంచితే పక్కకి పోతుంది.

ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి రాగానే లెన్స్ మీద ఆవిరి పట్టడం విశాఖ, కాకినాడ వైపు వాళ్లకి అలవాటే. బయటి ఆవిరి కొన్ని నిమిషాల్లో ఆరిపోతుంది. గాజు లోపల కనబడుతూ, గంటలు గడిచినా పోకపోతే తేమ లోపలికి వెళ్లినట్టు. అప్పుడు సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. బియ్యం డబ్బాలో పెట్టకండి, తవుడు పొడి ఛార్జింగ్ రంధ్రంలోకి పోవడం తప్ప లాభం లేదు.

ట్యూబ్‌లైట్ కింద తీస్తే అడ్డంగా నల్లచారలు, వీడియోలో మిణుకులు

ఎక్కువమందిని షాపుకి పరిగెత్తించేది ఇదే, ఎందుకంటే కంటికి ఆ మిణుకు కనబడదు, ఫోన్‌లోనే కనబడుతుంది. ఫోన్‌ని అనుమానించక ఏంచేస్తారు!

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాని మీద వెలిగే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంటాయి. ఫోన్ సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా చదవదు, వరుస తర్వాత వరుసగా చదువుతుంది. షటర్, అంటే సెన్సర్ వెలుగు తీసుకునే సమయం, 1/500 సెకను లాంటి వేగంలో ఉంటే కొన్ని వరుసలకి వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం దొరుకుతుంది, కొన్నిటికి తక్కువ క్షణం. చారలు అవే.

కాబట్టి ఇవన్నీ మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షటర్‌ని 1/100 లేదా 1/50 దగ్గర పెట్టండి. ప్రతి వరుసకీ ఒక పూర్తి మిణుకో రెండో సరిగ్గా పడతాయి, చారలు మాయం. వీడియోకి సెకనుకి 25 లేదా 50 ఫ్రేములు (విడి బొమ్మలు) ఎంచుకోవడం తేలిక. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో రికార్డ్ వీడియో, దాని కింద "షో పాల్ ఫార్మాట్స్" ఆన్ చేస్తేగానీ 25 కనబడదు. ఆండ్రాయిడ్‌లో కొన్ని ఫోన్లకి యాంటీ ఫ్లికర్ అనే సెట్టింగ్ ఉంటుంది, 50 హెర్ట్జ్ పెట్టండి.

అమెరికా నుంచి వచ్చినవాళ్లకి ఇది మరో రూపంలో తగులుతుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 1/60, 1/120 సరిపోతాయి. మా పిన్నికొడుకు అక్కడ వీడియో యాప్‌లో షటర్‌ని 1/60 దగ్గర లాక్ చేసి పెట్టుకున్నాడు. ఇక్కడికొచ్చి హాల్లో తీస్తే గోడంతా చారలు. "ఇండియా లైట్లే బాలేవు" అన్నాడు. 1/50కి మార్చాక మాట్లాడలేదు.

పెళ్లి మంటపం సీరియల్ లైట్ల దగ్గర ఈ లెక్క ఒక్కోసారి పనిచేయదు. వాటిలో కొన్ని కరెంటుతో సంబంధం లేకుండా, లోపలి సర్క్యూట్ వేగంతో మిణుకుతాయి. షటర్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ చారలు తగ్గినచోట ఆపడమే. స్లోమోషన్‌ని మాత్రం పగటి వెలుతురుకి వదిలేయండి. సెకనుకి 240 ఫ్రేములంటే మిణుకు మొత్తం విప్పి చూపించినట్టే.

పిల్లల ఫొటోలన్నీ చెదిరిపోయి వస్తున్నాయి

చెదిరిన ఫొటోని పెద్దది చేసి వెనక గోడ చూడండి. గోడ స్పష్టంగా ఉండి పిల్లవాడు మాత్రమే చెదిరితే వాడు కదిలాడు: షటర్ 1/250కి పెంచాలి, లేదా కిటికీ దగ్గరికి తీసుకెళ్లాలి. అంతా ఒకే దిక్కుగా చెదిరితే మీ చేయి కదిలింది: మోచేతులు పొట్టకి ఆనించండి. వెనకున్న క్యాలెండర్ అంకెలు చక్కగా కనబడి ముఖం మసకైతే ఫోకస్ అక్కడ పడింది, ముఖం మీద తాకి తీయండి. నైట్ మోడ్ కదిలే పిల్లలకి పనికిరాదు. అది చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, ఈలోగా వాడు పక్కగదిలో ఉంటాడు.

కెమెరా తెరవగానే బొమ్మ వణుకుతోంది, "జ్‌జ్" అని శబ్దం

ఇది మాత్రం నిజమైన జబ్బు కావచ్చు. లెన్స్‌ని అయస్కాంతాలతో కదిలించి మీ చేతి వణుకుని సర్దే భాగం ఒకటి చాలా ఫోన్లలో ఉంటుంది. ముందు అయస్కాంతం ఉన్న కవరు, రింగ్ హోల్డర్ తీసేసి చూడండి. వణుకు పోతే తప్పు కవరుది. పోకపోతే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ పోకపోతే, ఫోన్‌ని బైక్ హ్యాండిల్‌కి తగిలించి తిరుగుతున్నారా అని అడుగుతాను. పెద్ద ఇంజిన్ల బైకుల అదురు ఈ భాగాన్ని దెబ్బతీయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. స్కూటర్లకైనా అదురు తగ్గించే హోల్డర్ వాడమంది. ఒకసారి దెబ్బతిన్నాక ఏ అప్‌డేటూ బాగుచేయదు, కెమెరా భాగం మార్పించడమే. డెలివరీ పని చేసేవాళ్లు దారి చూడటానికి పాత ఫోన్ ఒకటి విడిగా పెట్టుకుంటే మంచిది.

ఫోన్‌లో బాగుంది, స్టూడియోలో ప్రింట్ వేస్తే పిక్సెళ్లు

స్టూడియోకి వాట్సాప్‌లో మామూలుగా పంపి ఉంటారు. అలా పంపితే అది ఫొటోని కుదిస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ గుర్తు నొక్కితే కొంత నయం, డాక్యుమెంట్‌గా జతచేస్తే ఏ మార్పూ లేకుండా వెళ్తుంది. 12×8 అంగుళాల ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×2400 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫొటో 4000×3000, అంటే ఆల్బమ్‌కి హాయిగా చాలు. ఒకసారి కుదించిన ఫొటోని మళ్లీ హెచ్‌డీలో పంపినా పోయింది తిరిగిరాదు. ఏఐ యాప్‌లతో పెంచుతామంటారు, మా పెద్దమ్మ ఫొటోని అలా పెంచితే ఎవరో సీరియల్ నటి వచ్చింది.

స్నాప్‌సీడ్‌లో ఎడిట్ చేసేవాళ్లు దాని సెట్టింగ్స్‌లో సైజు తగ్గించే ఎంపిక, జేపీజీ క్వాలిటీ ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. ఐఫోన్ ఫొటో స్టూడియో కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే అది హెచ్ఈఐసీ ఫైలు, 2017 నుంచి ఐఫోన్లు అందులోనే దాస్తున్నాయి. కెమెరా సెట్టింగ్స్, ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటబుల్" పెడితే ఇకమీదట తీసేవి జేపీజీలో వస్తాయి.

ఎడిటింగ్ యాప్‌లో తెలుగు విరిగిపోతోంది

ఇంగ్లిష్‌లో ఉన్న గైడ్‌లలో ఇది దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి.

మొదటిది: ఫాంట్ మార్చినా అక్షరాలు మారవు, లేదా డబ్బాలు వస్తాయి. మీరు దిగుమతి చేసింది ఫ్లెక్సీ షాపుల్లో వాడే అను లాంటి పాతతరం ఫాంట్ అయ్యుంటుంది. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. మీ ఫోన్ కీబోర్డ్ కొట్టేది యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి. ఆ ఫాంట్‌లో యూనికోడ్ తెలుగు అక్షరాలే లేవు, ఇక ఏం చూపిస్తుంది? పరిష్కారం యూనికోడ్ ఫాంట్లు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర ద్వారా విడుదలైన రామభద్ర, మండలి, సురవరం, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శుభలేఖ శీర్షికకి రామభద్ర నిండుగా ఉంటుంది.

రెండోది: ఫాంట్ సరైనదే, కానీ ఒత్తులు ఊడి "లక్‌ష్‌మి" అని పక్కపక్కన పడతాయి. తప్పు ఫాంట్‌ది కాదు, యాప్‌ది. తెలుగులో అక్షరం కింద అక్షరం కూర్చే పని ఆ యాప్‌కి రాదు. ఏ కొత్త యాప్ డబ్బులు పెట్టి కొనేముందైనా "లక్ష్మి", "రాష్ట్రం" అని రెండు మాటలు కొట్టి చూడండి. ఆ రెండూ కుదిరితే దాదాపు అన్నీ కుదురుతాయి. కుదరకపోతే ఒత్తులు సరిగ్గా చూపే మరో యాప్‌లో పేరు రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి, మీ వీడియో మీద పొరగా పెట్టుకోండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పెళ్లికూతురి పేరు విరగదు.

పాట దరువుకి కట్ పెట్టాను, గ్రూపులో చూస్తే కుదరట్లేదు

ఎడిట్ చేసేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకున్నారా? బ్లూటూత్‌లో శబ్దం సాధారణంగా 100 నుంచి 300 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. 30 ఫ్రేముల వీడియోలో 200 మిల్లీసెకన్లంటే 6 ఫ్రేములు. మీరు విన్న దరువుకి కట్ పెట్టారు, అసలు దరువు 6 ఫ్రేముల ముందే అయిపోయింది. సినిమా చూసేటప్పుడు ఈ తేడా తెలియదేమంటే, వీడియో ప్లేయర్లు బొమ్మని కూడా ఆ మేరకు ఆపి చూపిస్తాయి. ఎడిటింగ్ యాప్‌లు చాలావరకు ఆ పని చేయవు, గేములు అసలే చేయవు. కట్‌లు పెట్టేంతసేపు వైరు ఇయర్‌ఫోన్స్ గానీ ఫోన్ స్పీకర్ గానీ వాడండి.

ఆన్‌లైన్ మీటింగ్‌లో చేరగానే ఇయర్‌బడ్స్ శబ్దం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మారడం కూడా బ్లూటూత్ నిర్వాకమే. మైకు ఆన్ అయితే అది పాటల దారి వదిలి కాల్స్ దారిలోకి మారుతుంది, అందులో నాణ్యత తక్కువ. మైకుగా ఫోన్‌దో ల్యాప్‌టాప్‌దో ఎంచుకుంటే చాలు.

ఇయర్‌బడ్స్‌లో ఒకవైపు సన్నగా వినబడుతోంది

చెప్పడానికి మొహమాటమే గానీ, చాలాసార్లు కారణం గులిమి. ముందు, తక్కువ వినబడే బడ్‌ని రెండో చెవి దగ్గర పట్టుకుని వినండి. అక్కడ బాగా వినబడితే తప్పు బడ్‌ది కాదు, మీ చెవిది. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. రెండు చెవుల్లోనూ సన్నగానే ఉంటే రబ్బరు తీసి జాలీని వెలుతురులో చూడండి. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తని టూత్‌బ్రష్‌తో మెల్లగా దులపాలి. పిన్నీసు పెట్టారంటే గులిమి లోపలికి పోతుంది, జాలీ చిరుగుతుంది. రబ్బర్లని సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరాక తగిలించండి. జాలీ శుభ్రంగానే ఉంటే యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడండి, పిల్లలు జరిపేస్తుంటారు.

ఒక బడ్ అసలు పలకకపోతే ఛార్జింగ్ పెట్టెలోని చిన్న ఇత్తడి రంగు పిన్నుల మీద చెమట పొర చూడండి. చివర దూది ఉన్న పొడి పుల్లతో తుడిస్తే చాలాసార్లు లేస్తుంది.

కాలర్ మైకు పెట్టినా గదిలో శబ్దమంతా వస్తోంది

రికార్డింగ్ మొదలుపెట్టి మైకుని గోటితో గీకండి, తర్వాత ఫోన్ కింది అంచుని గీకండి. వింటే ఏ గీకుడు శబ్దం గట్టిగా ఉందో అదే రికార్డ్ అవుతున్న మైకు. ఫోన్ మైకే అయితే ముందు ఫోన్ కవరు తీసేయండి, మందం కవరు వల్ల పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. తర్వాత పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే అది కెమెరా పిన్ను, మూడుంటే ఫోన్ పిన్ను. రెండు గీతలది నేరుగా పెడితే ఫోన్ దాన్ని ఉత్త హెడ్‌ఫోన్ అనుకుంటుంది, మధ్యలో చిన్న అడాప్టర్ కావాలి. వైరు మధ్యలో డబ్బా ఉంటే దాని మీది స్విచ్ స్మార్ట్‌ఫోన్ వైపే ఉందా చూడండి. యూఎస్‌బీ-సీ రకమైతే కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ (ఫోన్‌కి బయటి పరికరం తగిలించుకునే సౌకర్యం) ఆన్ చేయాలి, వాడకపోతే కాసేపటికి అదే ఆఫ్ అవుతుంది కూడా.

కిందటేడు మా బాబాయి గృహప్రవేశంలో నేను ఈ స్విచ్ చూడలేదు. ఇంటి కష్టాలన్నీ చెప్తూ ఆయన ఏడు నిమిషాలు మాట్లాడారు. వీడియోలో ఆయన పెదాలు కదులుతుంటాయి, వినబడేది వంటింట్లో మిక్సీ. అప్పటినుంచి పది సెకన్లు తీసి, విని, ఆ తర్వాతే మనిషిని మాట్లాడమంటున్నాను.