పీసీవీ చూడండి, మైక్రోపార్టికల్స్ కోసం తిరగొద్దు

మా నాన్నకి పాలీసైథీమియా వెరా, అంటే ఎముక మజ్జ ఎర్ర కణాల్ని అవసరానికి మించి తయారుచేసే రక్త క్యాన్సర్, ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. ఉండేది రాయగడలో, డాక్టరు విశాఖలో. మొన్న మా బావ ఫోన్ చేసి "మావయ్యకి మైక్రోపార్టికల్స్ టెస్ట్ చేయించావా?" అన్నాడు. చేయించలేదు.

అవి ప్లేట్‌లెట్లూ, ఎర్ర కణాలూ, రక్తనాళాల లోపలి పొరా రాల్చే పొట్టు లాంటివి, మైక్రాన్ కన్నా చిన్నవి. మామూలుగా కణం లోపలి వైపు ఉండే ఒక కొవ్వు వీటి మీద బయటికి తిరిగి ఉంటుంది, రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు దాని మీద చేరి పని మొదలుపెడతాయి. ఈ జబ్బులో ఇవి ఎక్కువగా ఉంటాయి, నిజమే. కానీ లెక్కపెట్టే తీరు ల్యాబుకొకటి, ఆ అంకె చూసి మందు మార్చే పద్ధతి లేదు.

మీరు చూడాల్సింది పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాలు ఎంత శాతమో చెప్పే అంకె, కొన్ని రిపోర్టుల్లో హెమటోక్రిట్ అని ఉంటుంది. 45 లోపు ఉండాలి. 2013లో వచ్చిన ఇటలీ పరిశోధనలో, 45-50 మధ్య ఉంచినవాళ్లకి గుండె, రక్తనాళాల మరణాలూ రక్తం పెద్ద గడ్డలు కట్టడమూ కలిపి, 45 లోపు ఉంచినవాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు కనిపించాయి. దాటితే రక్తం తీయిస్తారు.

ఇక్కడే నేను దెబ్బతిన్నా. రక్తం తీసేకొద్దీ ఐరన్ తగ్గుతుంది, నాన్న నీరసమంటే మందుల షాపులో ఐరన్ మాత్రలిచ్చారు, నేనూ సరే అన్నా. నెలన్నరకి పీసీవీ 44 కాస్తా 51. డాక్టరు చెప్పకుండా ఐరన్ ముట్టుకోకండి.

చిన్న డోసు ఆస్పిరిన్ రాస్తే మానకండి, మోకాళ్ల నొప్పికని దాని మీద ఇంకో నొప్పి మాత్ర వేయకండి. ప్లేట్‌లెట్లు పది లక్షలు దాటితే రక్తస్రావం భయం కూడా ఉంటుంది, అప్పుడు ఆస్పిరిన్ సంగతి మళ్లీ అడగాలి. బీడీ మాన్పించండి (మా ఇంట్లో ఇదే పెద్ద యుద్ధం).

ప్రయాణంలో బాత్‌రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని నాన్న నీళ్లు తాగడు. తాగించండి, గంటకోసారి లేపి నడిపించండి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, ఛాతీ నొప్పొచ్చినా, ఒక కాలే వాచినా విశాఖ రైలు కోసం చూడొద్దు, 108కి కొట్టండి. జబ్బు పేరూ, మందుల పేర్లూ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాసిన కాగితం నాన్న చొక్కా జేబులో పెట్టా. నాకు ఒడియా మాట్లాడటమే వచ్చు, రాసింది పక్కింటి పిల్లాడు.