పిల్లల రక్షణ గురించి మీ కార్పొరేటర్‌ను జవాబు అడగడం ఎలా?

మా సందు చివర టిఫిన్ సెంటర్‌లో పదకొండేళ్ల పిల్లాడొకడు ప్లేట్లు కడిగేవాడు. పొద్దున ఆరింటికి నేను పాల ప్యాకెట్ కోసం వెళ్లేసరికే వాడి వేళ్లు నీళ్లలో నాని, తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఆ పక్కనే కరెంటు స్తంభానికి మా కార్పొరేటర్ ఫ్లెక్సీ, బాలల దినోత్సవ శుభాకాంక్షలతో. ఓ రోజు ఆయనే అక్కడ ఇడ్లీ తింటూ కనిపిస్తే అడిగాను: "అన్నా, ఈ పిలగాడు బడిల ఉండాలె గదా?" ఆయన చట్నీలో ముంచిన ముక్క నోట్లో పెట్టుకుని, "గది మన చేతుల లేదక్కా, లేబర్ డిపార్ట్‌మెంటోళ్లది" అన్నాడు.

ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం ఎక్కడుందో వెతుక్కోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందు పిల్లల సంగతి, తర్వాతే కార్పొరేటర్

ఎవరైనా పిల్లలు ఇప్పుడు ప్రమాదంలో ఉన్నారనుకోండి. కొట్టడం, లైంగిక వేధింపు, బాల్యవివాహం, పనిలో పెట్టుకోవడం, ఏదైనా సరే. ముందు 1098కి ఫోన్ చేయండి. అది పగలూ రాత్రీ పని చేస్తుంది, డబ్బులు పడవు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే 112. లైంగిక దాడి అయితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. హైదరాబాద్‌లో 2016 నుంచి నడుస్తున్న భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సాయం ఒకేచోట దొరుకుతాయి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద, సమాచారం అందిన 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి (రక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే కమిటీ) తెలపాలి.

ఈ దశలో కార్పొరేటర్ ఆఫీసు మెట్లు ఎక్కొద్దు. మన బస్తీల్లో అలవాటు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏం జరిగినా ముందు "అన్న దగ్గరికి పోదాం" అంటారు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు, టీలు వస్తాయి, రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. "ఆడపిల్ల బతుకు, బయట పడితే రేపు పెళ్లి కాదు" అని ఒకరు అంటారు. డబ్బు మాట ఇంకొకరు ఎత్తుతారు. ఈలోగా బట్టలు ఉతికేస్తారు, గాయాలు మానిపోతాయి, సాక్షులు ఊరెళ్లిపోతారు. పోక్సో కేసు పంచాయితీలో రాజీ చేసుకునేది కాదు. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రజాప్రతినిధికీ ఇది వర్తిస్తుంది. ఎవరైనా రాజీకి కూర్చోబెడితే తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో రాసి పెట్టుకుని ఫిర్యాదులో చేర్చండి. నన్నడిగితే రోడ్డు వేయకపోవడం కన్నా, ప్రశ్న అడగకపోవడం కన్నా ఇదే పెద్ద తప్పు.

ఇంకో జాగ్రత్త. పిల్లల పేరు, బడి, ఫోటో, ఇంటి గుర్తులు ఎక్కడా బయటపెట్టకండి. కార్పొరేటర్‌కు రాసే ఉత్తరంలో గానీ, బస్తీ వాట్సాప్ గ్రూప్‌లో గానీ ఆ వివరాలు ఉండకూడదు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ దీన్ని నేరం అంటుంది: ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాపాడిన పిల్లలను పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే నాయకులకు ఈ సెక్షన్ నంబర్ ఒక్కసారి కామెంట్‌లో రాసి చూడండి. మా దగ్గర గంటలోపే ఫోటో మాయమైంది.

ఎవరి పని ఏదో విడదీయండి

బాలల సంక్షేమ కమిటీ కార్పొరేటర్ కింద పని చేయదు. అందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం మహిళా శిశు సంక్షేమ శాఖది. పనిలో పెట్టుకున్నవాళ్ల మీద చర్య కార్మిక శాఖ, పోలీసులు తీసుకుంటారు. రాజ్యాంగంలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. పంచాయతీలకు అప్పగించదగిన పనుల జాబితాలో మహిళా శిశు అభివృద్ధి అని స్పష్టంగా ఉంది, నగరాల జాబితాలో ఆ మాట లేదు. బలహీన వర్గాల ప్రయోజనాలు కాపాడటం, మురికివాడల అభివృద్ధి, జనన మరణాల నమోదు లాంటివి ఉన్నాయి. కాబట్టి "కమిటీ ఆ పాపను తిరిగి ఇంటికి ఎందుకు పంపింది?" అని కార్పొరేటర్‌ను నిలదీస్తే ఆయన చేతులు దులుపుకుంటాడు, న్యాయంగానే. ఆ ఫిర్యాదు కలెక్టర్‌కు వెళ్లాలి. బాలల న్యాయ చట్టం ప్రకారం కమిటీ పనితీరు మీద ఫిర్యాదులు వినే అధికారి కలెక్టరే.

మరి కార్పొరేటర్‌కు మిగిలేదేమిటి? ఒక ఉదాహరణ చెబుతాను. కార్మిక శాఖవాళ్లు ఒకసారి మా టిఫిన్ సెంటర్‌కు వచ్చారు. యజమాని "పద్నాలుగు దాటినయి సార్" అన్నాడు. పద్నాలుగు లోపు పిల్లలను హోటల్ పనిలో పెట్టుకోవడం నేరం. దాటితే లెక్క మారిపోతుంది. పిల్లాడి దగ్గర ఏ కాగితమూ లేదు. వయసు మీద అనుమానం వస్తే బాలల న్యాయ చట్టం ముందు బడి సర్టిఫికెట్ చూడమంటుంది, అది లేకపోతే కార్పొరేషన్ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం, ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. చూశారా, కార్పొరేషన్ ఆ చట్టంలో నేరుగా ఉంది. తన డివిజన్‌లో, అంటే తన వార్డులో, ఎంతమంది పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ లేదో తెలుసుకుని క్యాంపు పెట్టించమని అధికారుల వెంటపడటం కార్పొరేటర్ చేయగలిగిన పని. "మన చేతుల లేదు" అన్న మాట ఇక్కడ చెల్లదు.

అలాగే కమ్యూనిటీ హాలు కార్పొరేషన్‌ది. ఇరుకు అద్దె గదిలో నడిచే అంగన్‌వాడీకి దాంట్లో చోటు ఇప్పించమని అడగొచ్చు. బడి దారిలో వెలగని వీధి దీపాలు, మూత లేని నాలాలు సరేసరి. 2020 సెప్టెంబర్‌లో హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్తున్న పన్నెండేళ్ల పాప ఓపెన్ నాలాలో పడి చనిపోయింది. ఇలాంటి చోట వేరే శాఖ పేరు చెప్పి తప్పించుకునే వీల్లేదు.

వీటికి తోడు వార్డు కమిటీ ఉంది. దానికి అధ్యక్షత వహించేది కార్పొరేటరే. పిల్లల రక్షణ బాధ్యతను స్థానిక సంస్థల కమిటీలకు అప్పగించవచ్చని కేంద్రం పిల్లల రక్షణ పథకం మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కౌన్సిల్ సమావేశంలో ప్రశ్న అడిగే హక్కు, అధికారులకు లేఖ రాసే పరపతి ఎలాగూ ఉన్నాయి. జవాబు అడగాల్సింది వీటి గురించే.

మీరు ఏ డివిజన్‌లో ఉన్నారో చూసుకోండి

పాత జీహెచ్‌ఎంసీలో (గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్) 150 డివిజన్లు. 2025 డిసెంబర్‌లో చుట్టుపక్కల మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు మొత్తం 27 కలిశాక ఆ సంఖ్య 300 అయింది. సరిహద్దులు కదిలాయి కాబట్టి ఉత్తరం రాసేముందు వార్డు ఆఫీసులో మీ కార్పొరేషన్, డివిజన్, సర్కిల్ పేరు అడిగి రాసుకోండి. కౌన్సిల్ పదవీకాలం అయిదేళ్లు. కౌన్సిల్ లేని రోజుల్లో అధికారం ప్రత్యేక అధికారి చేతిలో ఉంటుంది, ఉత్తరం ఆ కుర్చీకి రాయాలి. జిల్లా కూడా చూసుకోవాలి. ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి, ఎల్బీనగర్ రంగారెడ్డిలోకి వస్తాయి. జిల్లా మారితే సంక్షేమ అధికారి కూడా మారతారు.

మహిళా కార్పొరేటర్ ఉన్న డివిజన్‌లో ఆఫీసులో కూర్చునేది చాలాసార్లు భర్తగారే. ఉత్తరం మాత్రం ఆమె పేరునే రాయండి. ఓటు ఆమెకే వేశాం.

ఆర్టీఐ: కారణాలు కాదు, కాగితాలు అడగండి

ముఖాముఖి అడిగితే మాటలు వస్తాయి. సమాచార హక్కు దరఖాస్తుకు కాగితం వస్తుంది. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

నా మొదటి దరఖాస్తులో "మా కార్పొరేటర్ పిల్లలను ఎందుకు పట్టించుకోవడం లేదు?" అని రాశాను. నవ్వొస్తుంది ఇప్పుడు. "ఇది సమాచారం కిందికి రాదు" అని ఒక లైన్ పంపారు. ఎందుకు అని అడిగితే వాళ్లు జవాబు చెప్పక్కర్లేదు. రికార్డు అడిగితే మాత్రం ఇవ్వాలి, లేదంటే లేదని రాసివ్వాలి. రెండోసారి జీహెచ్‌ఎంసీకి ఇలా రాశాను:

"గత మూడేళ్లలో మా డివిజన్ వార్డు కమిటీ సమావేశాలు జరిగిన తేదీలు, హాజరు పట్టీ, మినిట్స్ కాపీలు ఇవ్వగలరు. ఇదే కాలంలో కౌన్సిల్ సమావేశాల్లో మా కార్పొరేటర్ అడిగిన ప్రశ్నల, వాటికి వచ్చిన జవాబుల కాపీలు ఇవ్వగలరు. మా డివిజన్‌లో జనన ధ్రువీకరణ పత్రాల కోసం క్యాంపులు పెట్టి ఉంటే తేదీలు తెలపగలరు."

జిల్లా సంక్షేమ కార్యాలయానికి విడిగా ఇంకోటి: "మా డివిజన్ కార్పొరేటర్ నుంచి పిల్లల రక్షణ విషయమై మీకు అందిన లేఖల కాపీలు, పిల్లల వివరాలు కొట్టేసి ఇవ్వగలరు." ఆ చివరి ముక్క మరిచిపోకండి. అది లేకపోతే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది.

మాకొచ్చిన జవాబులో సగం గళ్లలో "నిల్" అనే ఉంది. నిరాశపడ్డాను గానీ, పక్కింటి రిటైర్డ్ గుమాస్తా బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, "ఇదే గదమ్మా నీక్కావాల్సింది. సంతకం పెట్టి మరీ నిల్ అని ఇచ్చిన్రు" అన్నాడు.

ఒక పేజీ ఉత్తరం, ఒక రౌండ్ స్టాంపు

ఇప్పుడు ఆ జవాబు కాపీ జతచేసి కార్పొరేటర్‌కు ఉత్తరం రాయండి. ఒక పేజీ దాటొద్దు. తిట్లు వద్దు, పార్టీ ఊసు అసలే వద్దు. మూడే పనులు అడగండి, ఒక్కోదానికి గడువు పెట్టండి. మేం అడిగినవి ఇవి: నెలలోపు వార్డు కమిటీ సమావేశం పెట్టి దానికి జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి ఒకరిని పిలవడం, రెండు నెలల్లో బర్త్ సర్టిఫికెట్ క్యాంపు, వచ్చే కౌన్సిల్ సమావేశంలో అంగన్‌వాడీ స్థలం మీద ప్రశ్న.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. "పెట్టిపోండి, అన్నకు చూపిస్తం" అంటారు. నవ్వుతూ నిలబడండి. స్టాంపు లేదంటే వార్డు ఆఫీసులో ఇవ్వండి, లేదా అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఆ కాపీ లేని ఉత్తరం రాయనట్టే.

అయిదారుగురు కలిసి వెళ్తే బాగుంటుంది, తల్లులైతే మరీ మంచిది. పిల్లలను వెంట తీసుకెళ్లకండి. అంగన్‌వాడీ టీచరమ్మను, ఆశా వర్కర్‌ను ముందుకు తోయకండి. మనకు కోపం వస్తే ఇంటికొచ్చేస్తాం, వాళ్లు రేపు పొద్దున అదే డివిజన్‌లో ఉద్యోగం చేయాలి.

జవాబు రాకపోతే

సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. కార్పొరేషన్ పనులైతే మీ కార్పొరేషన్ ఆఫీసులో, బాలల సంక్షేమ వ్యవస్థ గురించైతే కలెక్టరేట్‌లో. ఒక శాఖ కాదు, మొత్తం ఏర్పాటే పని చేయడం లేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు రాయండి. స్థానిక విలేకరికి ఇచ్చేటప్పుడు నిల్ అని వచ్చిన కాగితం ఇవ్వండి, పిల్లల కథ కాదు.

ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అదే మూడు పనుల కాగితం చూపించి సంతకం పెట్టమనండి. పెట్టనివాళ్ల పేరు కూడా రాసుకోండి.

మా ఉత్తరానికి జవాబు రెండో నెలలో వచ్చింది, రెండు లైన్లు. వార్డు సమావేశం ఫలానా ఆదివారం పదకొండింటికి, కమ్యూనిటీ హాల్లో అని. పదకొండున్నరకు కార్పొరేటర్ వచ్చాడు. అధికారి వచ్చేసరికి పన్నెండు దాటింది. క్యాంపు తేదీ ఖాయమైంది, అంగన్‌వాడీ సంగతి "చూద్దాం" దగ్గర ఆగింది. ఆ "చూద్దాం"ను కూడా మినిట్స్‌లో రాయించాం. మీరు వెళ్లేటప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి, అందరూ లేవకముందే హాజరు పట్టీని ఫోటో తీసుకోండి.