గేమ్ రికార్డింగ్ మసకగా వస్తుంటే

ఆడేటప్పుడు తెరమీద అంతా స్పష్టంగానే ఉంటుంది. రికార్డయిన వీడియోలో మాత్రం గడ్డి, వాన, వేగంగా కెమెరా తిరిగే చోట్ల బొమ్మ అలుక్కుపోతుంది. ఎప్పుడూ ఒకే బిట్‌రేట్ (సెకను వీడియోకి కేటాయించే డేటా) వాడటమే దీనికి ముఖ్య కారణం.

ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో (ఉచితమే) సెట్టింగ్స్, ఔట్‌పుట్‌కి వెళ్లి మోడ్ అడ్వాన్స్‌డ్ పెట్టండి. రికార్డింగ్ ట్యాబ్‌లో ఎన్‌విడియా కార్డుంటే ఎన్‌వెంక్ ఎన్‌కోడర్ (వీడియోని కార్డులోనే కుదించేది) ఎంచుకుని, రేట్ కంట్రోల్‌ని సీబీఆర్ (ఒకే బిట్‌రేట్) నుంచి సీక్యూపీకి (నాణ్యతని స్థిరంగా ఉంచే పద్ధతి) మార్చి, విలువ 20 ఇవ్వండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైల్ సైజు రెండూ పెరుగుతాయి. 18 కంటే కిందికి దిగినా కంటికి పెద్ద తేడా తెలియదు, డిస్క్ మాత్రం నిండిపోతుంది. వీడియో ట్యాబ్‌లో ఔట్‌పుట్ 1920×1080, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) చాలు.

ఫార్మాట్ ఎంకేవీయే ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. నాణ్యత ఏమీ తగ్గదు.

ఒక్క జాగ్రత్త: గేమ్ గ్రాఫిక్స్ కార్డుని నూటికి నూరు శాతం వాడేస్తుంటే, ఈ సెట్టింగ్ పెట్టినా వీడియో ఆగి ఆగి వస్తుంది. అలాంటప్పుడు గేమ్‌లోనే ఫ్రేమ్ లిమిట్ 60కి కట్టేయండి.